రోడ్డు దిక్కు టేకు

ప్రహరీగోడకు పునాది తవ్విస్తున్న ఇలియాస్ ఒక ఉదయం ఫోన్ చేశాడు. మట్టిలోంచి ఏదో కట్టె బయటపడిందనీ, కూలీలు పొయ్యిలోకి తీసుకుపోతామంటే ఆపాననీ, నేనొకసారి వచ్చి చూసుకుని ఏం చేయాలో చెబితే బాగుంటుందనీ అన్నాడు. ఇలియాస్ షెడ్లు కట్టే కాంట్రాక్టరు. వాళ్ల నాన్న యూసుఫ్ సాబ్ మా ఇంటి కట్టెపనంతా చేసినవాడు. అందుకే ఇలియాస్ నన్ను అందరిలా మేడం అనడు, పటేలమ్మా అంటాడు. మాకు పటేల్‌గిరీ పోయి, భూములు పోయి, ఇల్లు కూడా పోయి చాలాకాలమైంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, సంగారెడ్డిలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. అయినా ఆ పిలుపును నేను ఎన్నడూ వద్దనలేదు. అది మా ఇంటికి రావలసిన పిలుపే.

పాశమైలారం దగ్గర, రోడ్డు పక్కన మాకు మిగిలింది అరెకరం. అందులో ఒక గోదాం కట్టి కిరాయికి ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. మందుల కంపెనీలకు అట్టపెట్టెలు చేసేవాళ్లు తీసుకుంటామన్నారు. ఇక తేలవలసింది గోదాం కట్టెతోనా, ఇనుముతోనా అన్నది. ఈ రోజుల్లో కట్టెతో గోదాం ఎవరు కడతారని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీ. నా దగ్గర ఉన్నదంతా దాని మీద పెడుతున్నాను. మా ఇంటి పేరు మీద లేవబోయే చివరి కట్టడం అదే. అది పడిపోతే మళ్లీ లేపడానికి నా తర్వాత ఎవరూ లేరు. అందుకని నేను తొందరపడలేదు.

ఇస్నాపూర్‌లో బస్సు దిగి ఆటోలో వెళ్లాను. తవ్విపోసిన మట్టి పక్కన, ఒక సిమెంటు సంచి పరిచి దాని మీద పెట్టాడు ఇలియాస్. నిలువునా సగానికి కోసిన స్తంభం అది. బయటివైపు గుండ్రంగా, అడుగున తామర రేకుల చెక్కడంతో ఉంది. లోపలివైపు దోనెలా తొలిచి ఉంది. ఆ తొలిచినచోట పైనుంచి కింది దాకా తుప్పు మచ్చ, ఒక ఇనుప గుంజ ఆకారంలో. కట్టె మాత్రం అన్నేళ్లు మట్టిలో ఉండి కూడా గట్టిగానే ఉంది. ఇలియాస్ అదేమిటని అడిగాడు. "మీ అబ్బ కోసిందే" అన్నాను. అతను వంగి చెక్కడాన్ని వేళ్లతో తుడిచాడు. ఏ గుంటలో దొరికిందో చూపించాడు. మా పాత గోదాం ముందు వరస సరిగ్గా అక్కడే ఉండేది.

ఆ స్తంభం గోదాం కోసం పుట్టింది కాదు. అంతకుముందు అది మా ధాన్యపు కొట్టంలో ఉండేది. నా చిన్నతనంలో ఇంటి వెనక, బావికి అవతల, ఆ కొట్టం ఉండేది. టేకు స్తంభాలు, టేకు దూలాలు, పైన గూన పెంకలు. లోపల జొన్నలు, కందులు, శనగలు పోసే గుమ్ములు. పేడతో అలికిన ఆ గుమ్ముల వాసన, గింజల మధ్య వేసిన ఎండు వేపాకు వాసన, ఎక్కడినుంచో వచ్చే పాత బెల్లం వాసన కలిసి, తలుపు తీయగానే ముఖానికి తగిలేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అంతకన్నా చల్లని చోటు మా ఇంట్లో లేదు. అమ్మా నాయనమ్మా అక్కడే కూర్చుని చేటలతో కందులు చెరిగేవారు. నేను వాళ్ల పక్కన పడుకుని దూలాల వంక చూస్తూ ఉండేదాన్ని. మాట్లాడుకోవడం తక్కువ. చేట చప్పుడు ఆగితే మాత్రం నాయనమ్మ కళ్లెత్తి చూసేది.

ఆ కొట్టంలో ఇనుము ఉండకూడదన్నది మా ఇంటి కట్టడి. శనివారం పూట ఇనుము ఇంట్లోకి తేకపోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. మా ఇంట్లో ఇంకాస్త ముందుకు పోయారు. గింజ ఉన్నచోట ఇనుము ఏ వారమూ పనికిరాదు. దూలాలకు మేకులు లేవు, కట్టె చీలలే. తలుపు గడియ కట్టెదే. కొడవలి పట్టుకుని వచ్చినవాళ్లు దాన్ని గడప బయట పెట్టి లోపలికి రావాలి. యూసుఫ్ సాబ్ మరమ్మతుకు వచ్చినప్పుడు ఉలీ రంపమూ తేక తప్పేది కాదు కాబట్టి, పొద్దుగూకేలోగా అవన్నీ బయటికి పోయాయా లేదా అని నాయనమ్మ స్వయంగా చూసుకునేది. ఒకసారి బాడిత ఒకటి మరిచిపోతే మర్నాడు కొట్టమంతా మళ్లీ అలికించింది. యూసుఫ్ సాబ్ నవ్వుతూ, ఈ ఇంట్లో నా పనిముట్లకంటే నాకే మర్యాద ఎక్కువ అనేవాడు.

మా తాత ఊరికి మాలీ పటేల్‌గా, శిస్తు వసూళ్లు చూసే పటేల్‌గా చేసినవాడు. తలకు రుమాలు చుట్టుకోకుండా వాకిలి దాటి ఎరగడు. పొద్దున్నే ఇత్తడి గిన్నెలో వేడినీళ్లు పెట్టించుకుని గడ్డం గీసుకుని, ఇస్త్రీ ధోతి కట్టి, రుమాలు చుట్టుకుని కొట్టానికి వెళ్లేవాడు. ప్రతి స్తంభం మీదా అరచేయి ఆనించి ముందుకు నడిచేవాడు. తట్టడం కాదు, నొక్కడం కాదు, ఊరికే ఆనించడం. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో తాతను ఎందుకని అడగడం ఉండేది కాదు. వరస పూర్తయ్యాకే చాయ్ తాగేవాడు.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. భూములు చాలా వరకు వాటి కింద పోయాయి. కొన్నాళ్లకు కొట్టంలో పోయడానికి గింజ లేకుండా పోయింది. సాయంత్రమయ్యేసరికి పాశమైలారం వైపునుంచి ఘాటు వాసన వచ్చేది, నాయనమ్మ కిటికీలు మూసేది. బీహార్ నుంచీ ఒరిస్సా నుంచీ పనివాళ్లు వచ్చి చిట్కుల్‌లో గదులు కిరాయికి తీసుకోవడం మొదలైంది. అప్పుడే మా నాయన ఇంటి ముందు, రోడ్డు పక్కన గోదాం కట్టాలని అనుకున్నాడు. కిరాయికి తీసుకునే మనిషి కూడా దొరికాడు. ప్రసాదరావుగారని, కోస్తా నుంచి వచ్చి పెద్ద సర్కారీ కర్మాగారంలో ఉద్యోగం చేసి, అది వదిలి ఫ్యాక్టరీలకు ఉప్పు సరఫరా చేస్తున్నాయన. బస్తాలకు బస్తాలు ఉప్పు. లారీ నేరుగా లోపలికి వచ్చి తిరగాలి, మధ్యలో స్తంభాలు ఉండకూడదన్నది ఆయన షరతు.

ఇక వాదన మొదలైంది. వాదన అంటే అరుపులు కాదు. అన్నం తినే వేళ తాత ఒక మాట, మజ్జిగ పోసుకునేటప్పుడు నాయన ఒక మాట, అంతే. అలా వారాలు నడిచింది. తాతకు కట్టె కావాలి. కొట్టం విప్పితే టేకంతా చేతిలో ఉంటుంది, కొనే పని లేదు. ఇనుప రేకుల కింద వేసవిలో మనిషి నిలవలేడు, వానొస్తే పక్కవాడి మాట వినపడదు. ఇవన్నీ నిజాలే. నాయన ఇనుమంటాడు. కట్టె దూలం అంత వెడల్పు దాటించదు, మధ్యలో గుంజ నిలపక తప్పదు, లారీ తిరగదు. రోడ్డు వారన చెదలు ఎక్కువ. పక్కన ఫ్యాక్టరీల్లో ఎప్పుడే నిప్పు లేస్తుందో తెలియదు. ఇవీ నిజాలే. ఒకరోజు ప్రసాదరావుగారు వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతూ, ఎవరూ అడక్కుండానే, "మా వైపు ఉప్పు కొట్లన్నీ చెక్కవేనండి. ఇనుమైతే ఉప్పు తినేస్తుందండి" అన్నాడు. తాత నాయన వైపు తిరిగి, "ఇన్నవా?" అన్నాడు. ప్రసాదరావుగారే మళ్లీ, అయినా తనకు లారీ తిరగడమే ముఖ్యమనీ, ఏటేటా రంగు వేయించుకుంటే ఇనుమూ ఆగుతుందనీ సర్దాడు. నాయన అప్పుడు తాత వైపు తిరిగాడు గాని, ఇన్నవా అని అనలేదు.

చివరికి తాత ఇనుముకు ఒప్పుకున్నాడు. గింజ లేనప్పుడు ఇనుము వస్తే రానీ అన్నాడు. కాని ఒక మెలిక పెట్టాడు. ఆ సంభాషణ జరిగినప్పుడు నేను పీటలు వాలుస్తున్నాను, ప్రతి మాటా గుర్తుంది. "ఇనుము కడ్తె కట్టు. రోడ్డు దిక్కు మాత్రం కట్టెనే కనపడాలె" అన్నాడు తాత. "పటేల్ ఇంటి ముంగట గొట్టాలు నిలవెడ్తవా? వచ్చెటోడు పోయెటోడు ఏమనుకుంటడు?"

నాయన, "ముంగటి గుంజలకు కట్టె తొడిగిపియ్యొచ్చు. కని నాయినా, లోపటి ఇనుముకు ఏడాదికోసారి రంగు ఏసుడు ఎట్ల?" అన్నాడు.

"కనపడనిదానికి రంగెందుకురా?"

తాత ఆ మాట ఎగతాళికి అనలేదు, కోపంతోనూ అనలేదు. ఆయనకు అది నిజంగా అర్థం కాని ప్రశ్న. నాయన తన గోదాం తనకు దక్కింది చాలనుకున్నాడు. కొట్టం విప్పించారు. యూసుఫ్ సాబ్ అప్పటికి వెల్డింగ్ కూడా నేర్చాడు. ఇనుప గుంజలు నిలబెట్టిందీ ఆయనే, టేకు స్తంభాలను నిలువునా కోసిందీ ఆయనే. సగానికి కోసి, లోపల ఉన్న గట్టి కట్టెనంతా తొలిచి తీసేసి, ఇనుప గుంజకు అటొకటి ఇటొకటి తొడిగి, సందు కనపడకుండా లప్పం పెట్టి మెరుగు నూనె పట్టించాడు. తొలిచిన కట్టె వాకిట్లో గుట్ట పడింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో నీళ్లు కాచింది దానితోనే. ఆ పొగ వాసన మంచిగా ఉండేది. నాయనమ్మ మాత్రం ఆ పొయ్యి దగ్గర కూర్చునేది కాదు.

గోదాం లేచాక రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూసేవారు. చూడవలసినట్టే ఉండేది. చుట్టూ అన్నీ రేకుల షెడ్లు, మధ్యలో తామర రేకుల స్తంభాల వరస. వాటి వెనకే కప్పును మోసే ఇనుప కైంచీలూ, రేకుల కప్పూ, తెల్లగా ఉప్పు బస్తాలూ ఉన్నాయని దగ్గరికి వస్తేగాని తెలియదు. తాత కుర్చీ ముందు వరసలోకి మారింది. రోజూ గడ్డం గీసుకుని, రుమాలు చుట్టుకుని, ఆ స్తంభాల మీద అరచేయి ఆనించుకుంటూ నడిచేవాడు. ఏటా వానలకు ముందు నాయన వెనక వరస గుంజలను గీకించి రెడ్ ఆక్సైడ్ వేయించేవాడు. ముందు వరసకు మెరుగు నూనె పట్టించేవారు. మా ఇంట్లో చివరిసారిగా అందరి ముఖాలూ తేటగా ఉన్నది ఆ కొన్నేళ్లే. అది అబద్ధమని నేను అనను. ఆ వరసను చూసి నేనూ గర్వపడ్డాను. బడిలో మా ఊరి పిల్లలు దాన్ని స్తంభాల గోదాం అంటే, మాది అని చెప్పేదాన్ని.

అది పడిపోయిన రోజు గట్టి వాన. హమాలీలు అన్నం తినడానికి వెనక వైపుకు పోయారు. తాత భోజనానికి ఇంట్లోకి వచ్చాడు. రేకుల మీద వాన చప్పుడు ఎంతగా ఉండేదంటే, ఇంట్లో కూడా ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. గోదాం కూలిన చప్పుడు మాకు వినపడలేదు. మాకు తెలిసింది రేకుల మీద చప్పుడు ఒక్కసారి తగ్గిపోవడం వల్ల. నాయన విస్తరి ముందునుంచి లేచి పరుగెత్తాడు. తాత చేయి కడుక్కున్నాడు, గోడకున్న రుమాలు తీసుకుని ఎప్పటిలాగే చుట్టుకున్నాడు, అప్పుడు బయటికి వచ్చాడు. నేను ఆయన వెంట నడిచాను. ముందు వరస మొత్తం ఒరిగి, కప్పు నేలను ఆనుకుని ఉంది. టేకు తొడుగులు విడిపోయి దొర్లుతున్నాయి. వాటి లోపలి ఇనుము, నేలకు దగ్గరున్న మేర, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోతోంది. బయటినుంచి పట్టించిన నూనె వల్ల కట్టె నిగనిగలాడుతోంది. వెనక వరస, ఎర్ర రంగు వేసిన గుంజలు, నిటారుగా నిలబడి ఉన్నాయి. నాయన వాటి వంక చూశాడు, తాత చూశాడు. రంగు మాట ఆ రోజూ ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

ఉప్పంతా కరిగి వానతో కలిసి ఇంటి వైపు పారింది. నేల పల్లం అటే ఉంది. మర్నాడు ప్రసాదరావుగారు వచ్చి, "పోనివ్వండి పటేల్ గారూ, మనుషులు క్షేమంగా ఉన్నారు, అది చాలు" అన్నాడు. తాత ఆయనకు కుర్చీ వేయించి కూర్చోబెట్టి, "మా నీడల పెట్టిన సరుకు. మీకు నష్టం కానియ్య" అన్నాడు. ఆయన వద్దంటున్నా వినలేదు. మిగిలిన మెట్ట చెలకలు అమ్మి ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆ అమ్మకం గురించి మా బంధువులు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. నేను తప్పుపట్టను. గోదాం విషయంలో తాత చేసింది పొరపాటు. ఇది మాత్రం పొరపాటు కాదు.

కొన్ని వారాలకు పప్పు ఉడకడం మానేసింది. కట్టెలు మార్చారు, కుండ మార్చారు. ఒకరోజు తాత కంచంలో పప్పు పలుకులుగా ఉండటం చూసి నాయనమ్మను అడిగాడు. "బాయి నీళ్లు ఉప్పయినయ్. పప్పు ఇగ ఉడకది" అంది ఆమె. చింతపండు పులుసులో ఉప్పు వేయడం అప్పటికే మానేసిందట, మేమెవరం గమనించలేదు. తర్వాతి కాలంలో ఆ చుట్టుపక్కల బావులన్నీ వేరే కారణాలతో చెడిపోయాయి, అందరికీ తెలిసిన సంగతే. మా బావి మాత్రం అంతకుముందే మా చేతులతో మేమే చెడగొట్టుకున్నాం. ఇల్లు అమ్మి సంగారెడ్డికి వచ్చాం. గోదాం ఉన్న అరెకరం ఉప్పు తాగిన నేల అని అప్పట్లో ఎవరూ కొనలేదు. అలా అది మాకు మిగిలింది. తర్వాత కొంటామని వచ్చినవాళ్లకు నాయన ఇవ్వలేదు. ఆయన తర్వాత నేనూ ఇవ్వలేదు.

ఇదంతా ఆ తుప్పు మచ్చ చూస్తూ నిలబడితే గుర్తొచ్చింది. ఇలియాస్ పని మాట ఎత్తాడు. నేను కట్టె గురించి ఆలోచిస్తున్నానని అతనికి తెలుసు. నిజంగానే ఆలోచించాను. అట్టపెట్టెలకు చల్లని చోటు మంచిది, కట్టె చల్లగా ఉంచుతుంది. కాని అలాంటి టేకు ఇప్పుడు దొరకదు, దొరికినా నేను కొనలేను. అట్టపెట్టెలున్న చోట కట్టె కప్పు అంటే నిప్పుకు దారి చూపినట్టే. లారీలు ఆనాటికంటే పెద్దవయ్యాయి. ఏ లెక్కన చూసినా ఇనుమే. మా నాయన ఆనాడు అన్నవే ఈనాడూ చెల్లుతున్నాయి. నా చేయి మాత్రం కట్టె కావాలంటుంది. అది లెక్కలోకి రాదు. ఇనుమే కట్టమని ఇలియాస్‌తో చెప్పాను.

అతను సంతోషించి, ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. కట్టె గీతలు అచ్చువేసిన రేకులు. దూరంనుంచి టేకు పలకల్లాగే ఉన్నాయి. ఇప్పుడు అందరూ ఇవే వేయిస్తున్నారట. "ముంగటి గుంజలకు గిది సుట్టిపిస్త పటేలమ్మా. అబ్బ చెప్తుండె మీ పాత గోదాం ముచ్చట. పటేల్ గోదాం అంటె జెర షాన్‌గ ఉండాలె" అన్నాడు. మర్యాదకే అన్నాడు. మా ఇంటి మీద అంత గౌరవం ఉన్నవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఆ బొమ్మల్లో ఒకదాన్ని చాలాసేపు చూశాను. మా తాత ఉంటే ఏది ఎంచుకునేవాడో నాకు తెలుసు.

"వద్దు. గుంజలకు ఏం సుట్టకు" అన్నాను.

"మరి రోడ్డు దిక్కు ఏం కనిపిస్తది?"

"ఇనుము కనిపిస్తది. గోడ గుంజకు ఆనకుండ కట్టు. రంగేసెటందుకు సుట్టూ కుంచె తిరగాలె."

అతను తలూపాడు కాని మనసు ఒప్పుకున్నట్టు లేదు. టేకు తొడుగు సంగతేమిటని అడిగాడు. మెరుగు పెట్టించి హాల్లో నిలబెడితే బాగుంటుందనీ, హైదరాబాదులో ఇలాంటివాటికి బాగా గిరాకీ ఉందనీ అన్నాడు. దిమ్మెలుగా కోయించమన్నాను. పెట్టెలు నేల తేమ తగలకుండా వాటి కింద వేయడానికి. ఎన్ని వస్తే అన్ని. ఇలియాస్‌కు ఇప్పుడు రంపం పని చేసేవాళ్లు లేరు. చిట్కుల్‌లో ఎవరినో పట్టుకుని కోయించాడు. తామర రేకులున్న ముక్క ఒక మూల, పెట్టెల అడుగున ఉంది. ఇప్పుడు అడిగినా వెతికి తీయడం కష్టం.

గోదాం లేచింది. చూడటానికి చుట్టూ ఉన్న వాటిలాంటిదే. ఆటోవాడికి ఆనవాలు చెప్పడానికి కూడా ఏమీ లేదు. పక్క కంపెనీ పేరు చెప్పాల్సి వస్తోంది. ఇది రాయడానికి నాకు ఇబ్బందిగా లేదు, సంతోషంగానూ లేదు. ఈ ఏడాది వానలకు ముందు రంగు వేసే రోజు నన్ను పిలవమని ఇలియాస్‌కు చెప్పాను, పిలిచాడు. ముందు వరసలో ఒక్కో గుంజ దగ్గరా ఆగి, గోడకూ గుంజకూ మధ్య చేయి పోనిచ్చి వెనక తడిమి చూశాను. చివరి గుంజ దగ్గర రంగు ఇంకా ఆరలేదు. ఇలియాస్ కిరసనాయిల్ గుడ్డ తెచ్చి, చేయి తుడుచుకోమన్నాడు. అరచేయంతా ఎర్రగా అంటుకుంది. వెనక వరస కూడా చూసి వచ్చాక తుడుచుకుంటానని చెప్పి, లోపలికి నడిచాను.